ఆటలోనే ఆరోగ్య పాఠం: నియమం కుదిరితేనే పిల్లలకు ఎక్కుతుంది

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: 11 నుంచి 14 ఏళ్ల పిల్లలు 30 మంది, వారానికి రెండుసార్లు గంట చొప్పున మైదానంలో మీ దగ్గర ఉంటారు. ఆట అయ్యాక కూర్చోబెట్టి పావుగంట సేపు చేతుల శుభ్రత, దోమలు, పొగాకు, టీకాల గురించి చెబుతున్నారు. ఎవరూ వినడం లేదు. ఆటతోనే ఇవి నేర్పడం ఎలా?

ముందు ఆ పావుగంట ఉపన్యాసం తీసేయండి. అలసిపోయి, దాహంతో, ఇంటికి పరుగెత్తాలని చూస్తున్న పిల్లలకు ఏం చెప్పినా చెవికెక్కదు. పైగా ఆట ఒకవైపు, పాఠం ఒకవైపు ఉన్నంతకాలం పాఠమనేది ఆటకు కట్టాల్సిన సుంకమని పిల్లలు అనుకుంటారు. జబ్బు ఎలా పాకుతుంది, ఎక్కడ ఆగుతుంది అన్నది ఆట నియమంలోనే ఉండాలి. ఆడుతుండగానే వాళ్లకు తేడా కనిపించాలి. ఆ తర్వాత మీరు చెప్పాల్సింది చాలా తక్కువ మిగులుతుంది.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. జింబాబ్వేలో 2002లో మొదలైన గ్రాస్‌రూట్ సాకర్ సంస్థ హెచ్‌ఐవి నివారణను ఫుట్‌బాల్ ఆటల ద్వారానే నేర్పింది. ఫిఫా వైద్య విభాగం తయారు చేసిన ‘ఎలెవన్ ఫర్ హెల్త్’లో 11 సెషన్లు ఉంటాయి. ఒక్కోటి 90 నిమిషాలు: మొదటి 45 నిమిషాలు ఒక ఫుట్‌బాల్ నైపుణ్యం, తర్వాతి 45 నిమిషాలు దానికి జత చేసిన ఆరోగ్య విషయం. డిఫెండింగ్‌కు (ప్రత్యర్థిని అడ్డుకోవడం) చేతులు కడగడం, షూటింగ్‌కు (గోల్ వైపు బంతి కొట్టడం) టీకాలు, ఇలా ఉంటుంది ఆ జత. గుర్తుండటానికి అది బాగానే పనికొస్తుంది. కానీ గోల్ కొట్టినంత మాత్రాన టీకా ఎలా పనిచేస్తుందో అర్థం కాదు. ఆట నడిచే తీరు, జబ్బు నడిచే తీరు ఒకటైనప్పుడే అర్థమవుతుంది. అందుకే జతల జాబితాల కంటే ఆట నియమాలు రాసుకోవడం మీదే ఎక్కువ శ్రమ పెట్టమంటాను.

టీకాల ఆటతో మొదలుపెట్టండి. ఇది పట్టుకునే ఆటే, బంతి అక్కర్లేదు. 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పున కోన్లు పెట్టి గడి కట్టండి. 30 మందీ లోపలే ఉంటారు. ఒకరికి వైరస్ సోకిందని చెప్పండి. సోకినవాళ్లు ఒక చెయ్యి పైకెత్తి పరుగెత్తుతూ, ఇద్దరిని ముట్టుకోవాలి. రెండోసారి ముట్టుకోగానే కోలుకున్నట్టు లెక్క. గీత దాటి బయటికొచ్చి గడి చుట్టూ నెమ్మదిగా పరుగెడుతూ ఉండాలి. ముట్టించుకున్నవాళ్లు చెయ్యెత్తి, తాము ముట్టుకోవాల్సిన ఇద్దరి కోసం వెతకాలి. ముట్టుకోవడం భుజం మీదో వీపు మీదో మాత్రమే. తోయడం, చొక్కా లాగడం కుదరదు. మొదటి విడతలో నిమిషాల్లోనే దాదాపు అందరికీ సోకుతుంది. ఎంతమందికి సోకిందో లెక్కపెట్టి పలక మీద రాయండి.

రెండో విడతకు ముందు మడిచిన చీటీలు పంచండి. 30లో 10 చీటీల మీద గుర్తు ఉంటుంది. అవి వచ్చినవాళ్లు టీకా వేయించుకున్నవాళ్లు. ఎవరి చీటీ ఏమిటో బయటికి చెప్పకూడదు. వాళ్లను ముడితే ‘నాకు అంటదు’ అని ఆడుతూనే ఉంటారు, కానీ ముట్టుకున్నవాళ్లకు అది రెండింట్లో ఒక లెక్కగా పోతుంది. మూడో విడతలో 20 చీటీలకు గుర్తు పెట్టండి. రెండు విడతల్లోనూ వైరస్‌తో మొదలయ్యేది గుర్తు లేని చీటీ వచ్చినవాళ్లలో ఒకరు కావాలి. మూడో విడతలో చాలాసార్లు ఇద్దరు ముగ్గురితోనే వ్యాప్తి ఆగిపోతుంది. టీకా లేని మిగతావాళ్లు కూడా ఎందుకు బతికిపోయారని అడిగితే జవాబు పిల్లలే చెబుతారు. సమాజంలో ఎక్కువమందికి టీకా ఉంటే వేయించుకోలేని పసిపిల్లలు కూడా ఎలా రక్షణ పొందుతారో అక్కడే తేలిపోతుంది.

ఈ ఆట చెడేది మూడు చోట్ల. ఇద్దరిని ముట్టుకున్నాక బయటికి వెళ్లాలన్న నియమం లేకపోతే, సోకినవాళ్లు ఎంతసేపైనా తిరుగుతూ చివరికి టీకా లేని ప్రతి ఒక్కరినీ పట్టేస్తారు. టీకా వల్ల ఉపయోగం లేదన్న తప్పుడు పాఠం పిల్లలకు అందుతుంది. చీటీల రహస్యం బయటపడినా అంతే. తరిమేవాళ్లు టీకా లేనివాళ్లనే ఏరుకుంటారు, వైరస్ అలా ఏరుకోదు. మూడోది, ఒకే ఒక్కసారి ఆడించి వదిలేయడం. 10 మందికి టీకా ఉన్న విడతలో ఒక్కోసారి మొదట్లోనే ఆగిపోతుంది, ఒక్కోసారి సగం మందిని దాటిపోతుంది. యాదృచ్ఛికంగా అలా జరుగుతుంది కాబట్టి ప్రతి విడతా రెండుసార్లు ఆడించి రెండు సంఖ్యలూ రాయండి. కాస్త పెద్ద పిల్లలైతే ఇంకొక మెట్టు ఎక్కించవచ్చు: మన ఆటలో ఒకరి నుంచి ఇద్దరికి సోకింది. సగం మందికి పైగా టీకా ఉంటే ఆ ఇద్దరిలో సగటున ఒకరికంటే తక్కువమందికే సోకుతుంది కాబట్టి వ్యాప్తి చప్పబడింది. తట్టు వ్యాధి ఎవరికీ రక్షణ లేని చోట ఒకరి నుంచి 12 నుంచి 18 మందికి సోకుతుంది, అందుకే దానికి సుమారు 95 శాతం మందికి టీకా కావాలి.

ఇంకొక మాట, ఇది మనసులో పెట్టుకోండి. సోకినవాళ్లను ‘దెయ్యం’, ‘విలన్’ అని పిలవనివ్వకండి. వైరస్‌కు టీబీ, హెచ్‌ఐవి లాంటి పేర్లు పెట్టకండి. ఆ 30 మందిలో ఎవరి ఇంట్లో ఏ జబ్బు ఉందో మీకు తెలియదు. ఇంట్లో టీబీ మందులు వాడే తల్లి ఉన్న పిల్లాడు, చెయ్యెత్తి పరుగెత్తేవాడి నుంచి అందరూ అరుస్తూ పారిపోవడం చూస్తే ఏం నేర్చుకుంటాడో ఆలోచించండి. జలుబు అనండి, తట్టు అనండి, చాలు.

చేతుల శుభ్రతకు ఫుట్‌బాల్ పనికిరాదు, బంతిని చేత్తో అందించుకునే ఆట కావాలి. వాసన లేని వంటనూనె రెండు చెంచాలలో ముదురు రంగు సుద్దపొడి కలిపి ఇద్దరు పిల్లల అరచేతులకు పల్చగా రాయండి. పదినిమిషాలు చేతిపాసుల ఆట ఆడించండి. తర్వాత ఆపి చూడమంటే బంతి మీద, ఇతరుల చేతుల మీద, నీళ్ల సీసాల మూతల మీద, కొందరి ముక్కు మీద కూడా రంగు కనిపిస్తుంది. ముఖం ఎన్నిసార్లు తాకుతామో మాటల్లో చెబితే నమ్మని పిల్లలు దీన్ని చూసి నమ్ముతారు. అప్పుడు మూడు జట్లు చేయండి: ఒక జట్టు నీళ్లతో మాత్రమే, ఒకటి సబ్బుతో ఐదు సెకన్లు, ఒకటి సబ్బుతో 20 సెకన్లు రుద్ది కడగాలి. మిగిలిన రంగును పోల్చుకోనివ్వండి. బొటనవేలి చుట్టూ, వేళ్ల సందుల్లో, గోళ్ల అంచుల్లో, చేతి వెనుక మరకలు మిగులుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సబ్బుతో చేతులు కడిగే మొత్తం పద్ధతికి, తడపడం నుంచి ఆరబెట్టడం వరకు, 40 నుంచి 60 సెకన్లు పడుతుందని చెబుతుంది. అందులో రుద్దడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి.

నూనె కలపడం మరవకండి. ఉత్త సుద్దపొడైతే నీళ్లకే పోతుంది, నీళ్లతో కడిగితే చాలునన్న పాఠం మిగిలిపోతుంది. మెరుపుల పొడి వాడొద్దు, అది కంట్లో పడితే ప్రమాదం. చేతుల మీద గాయాలు, తామర ఉన్న పిల్లలకు రంగు పూయకండి, వాళ్లకు గడియారం చూసే పని ఇవ్వండి. అన్నిటికంటే ముఖ్యం: ఆ రోజు తర్వాత మైదానం కుళాయి దగ్గర సబ్బు లేకపోతే ఈ సెషన్ చేయకపోవడమే నయం. సబ్బు ఉండని చోట సబ్బు గొప్పతనం చెప్పిన పెద్దవాళ్ల మాట పిల్లలు మరోసారి నమ్మరు.

దోమల విషయంలో ఉత్త ఆట కాకుండా నేరుగా పనే చేయించవచ్చు. డెంగీని మోసే ఏడిస్ దోమ పగలు కుడుతుంది, శుభ్రమైన నిలవ నీటిలో, చిన్న చిన్న పాత్రల్లో పెరుగుతుంది. మలేరియాను మోసే అనాఫిలిస్ ఎక్కువగా రాత్రి పూట కుడుతుంది. ఏడిస్ గుడ్డు నుంచి ఎగిరే దోమ అవడానికి వెచ్చని వాతావరణంలో సుమారు 7 నుంచి 10 రోజులు పడుతుంది. వారానికొకసారి నీళ్లు పారబోయాలనే లెక్క ఇక్కడి నుంచే వచ్చింది. వార్మప్ బదులు ఐదుగురేసి ఆరు జట్లు చేసి, మైదానాన్ని ఆరు భాగాలుగా పంచి, పది నిమిషాల్లో నీళ్లు నిలిచిన చోట్లు వెతికించండి: పాత టైర్లు, డబ్బాలు, పూలకుండీల కింది పళ్లాలు, కప్పి ఉంచిన పట్టాల ముడతలు. మురుగు కాలువల్లోకి, గాజు ముక్కలున్న చోటికి పంపకూడదు. పాయింట్లు ఎలా ఇస్తారన్నది ఇక్కడ కీలకం. ఎన్ని చోట్లు కనిపెట్టారో దానికి పాయింట్లు ఇస్తే, పిల్లలు వచ్చేవారానికి డబ్బాలు దాచిపెడతారు. తమ భాగంలో వచ్చేవారం ఒక్క చోటు కూడా నీళ్లు లేకుండా ఉంచిన జట్టుకే పాయింట్లు ఇవ్వండి. ప్రతి వారం అదే రోజు చేయించండి. ఇది మానకుండా సాగితే ఇంటి చుట్టూ కూడా చూసే అలవాటు రావడానికి వీలుంటుంది.

పొగాకు గురించి భయపెట్టే బొమ్మలు చూపించి ఊరుకోకండి. యాభై ఏళ్లకు వచ్చే జబ్బు 13 ఏళ్ల పిల్లవాడికి చాలా దూరం. వాడికి దగ్గరగా ఉన్నది ‘ఒక్కసారి తాగి చూడు’ అనే స్నేహితుడు. అందుకే నేర్పాల్సింది తప్పించుకునే పద్ధతి. ఎనిమిది మీటర్ల చదరాలు ఐదు కట్టండి, ఒక్కో చదరంలో ఆరుగురు. ఒకరి దగ్గర బంతి, ముగ్గురు చుట్టుముడతారు, మిగతా ఇద్దరు అంచున ఉంటారు. మొదటి విడతలో అంచున ఉన్నవాళ్లు కదలరు, బంతి అందుకోరు. ఆరు సెకన్లు బంతి కాపాడుకోవడం దాదాపు ఎవరి వల్లా కాదు. రెండో విడతలో వాళ్లు పాస్ అందుకోవచ్చు. మూడో విడతలో ఆట మొదలవడానికి ముందు మూడు సెకన్లు చుట్టూ చూసి, బంతి ఎవరికివ్వాలో నిర్ణయించుకోవడానికి సమయం ఇవ్వండి. ప్రతి విడతలోనూ ఆరుగురూ వంతులవారీగా మధ్యలోకి రావాలి. ఆటకూ జీవితానికీ ఉన్న పోలిక స్పష్టం: ముగ్గురు చుట్టుముట్టినప్పుడు కావాల్సింది మొండిధైర్యం కాదు, పక్కన ఒక తోడు, ముందే అనుకున్న మాట. ఆ వెంటనే ప్రతి ఒక్కరూ తాము నిజంగా అనగలిగే ఒక వాక్యం పైకి అనాలి. ‘నాకొద్దు, ప్రాక్టీస్ ఉంది, పోతున్నా’ లాంటిది. రాసిచ్చిన వాక్యం వద్దు, పిల్లల నోటి మాటే కావాలి.

గ్రాస్‌రూట్ సాకర్ ఆటల్లో ప్రమాదాల పేర్లు రాసిన కోన్ల మధ్య డ్రిబ్లింగ్ (బంతిని కాలితో తోసుకుంటూ పోవడం) చేసేది ఒకటుంది. కోన్ తగిలితే మొదట ఆడినవాళ్లు, తర్వాతి విడతల్లో తోటివాళ్లు, చివరికి జట్టంతా పుషప్‌లు చేయాలి. ఒకరు తీసుకున్న ప్రమాదం చుట్టూ ఉన్నవాళ్ల మీద ఎలా పడుతుందో ఇది చాలా బాగా చూపిస్తుంది. ఒక్క మార్పు చెబుతాను: పుషప్‌ల బదులు జట్టు సమయానికి ఐదు సెకన్లు కలపండి. వ్యాయామాన్ని శిక్షగా వాడితే, వ్యాయామం ఇష్టపడాలని చెప్పే నోటితోనే అది శిక్ష అని చెప్పినట్టవుతుంది. ఔటైనవాళ్లను పక్కన కూర్చోబెట్టే ఆటలు కూడా ఇందుకే వద్దు. ముందుగా ఔటయ్యేది ఎక్కువగా నెమ్మదిగా పరుగెత్తే పిల్లలు, కదలిక అవసరం ఎక్కువున్నదీ వాళ్లకే.

కదలిక గురించే కొంచెం లెక్క చూద్దాం. 5 నుంచి 17 ఏళ్ల వాళ్లు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఓ మోస్తరు నుంచి తీవ్రమైన శారీరక శ్రమ చేయాలనీ, వారానికి కనీసం మూడు రోజులు తీవ్రమైనదీ, కండరాలకూ ఎముకలకూ బలమిచ్చేదీ ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ దగ్గర వారానికి రెండు గంటలే ఉన్నాయి, అందులో ఎంత భాగం నిజంగా కదులుతున్నారో కొలిచారా? ఒక పిల్లవాణ్ణి ఎంచుకుని, స్టాప్‌వాచ్‌తో కదిలినంతసేపే లెక్కపెట్టండి. 30 మంది ఒకే వరుసలో నిలబడి ఒక్కో షాట్ కొట్టే సెషన్‌లో గంటకు పది నిమిషాలు కూడా తేలకపోవచ్చు. బంతులు ఐదారు ఉంచి, చిన్న గడుల్లో నలుగురు నలుగురిగా ఆడిస్తే ఆ సంఖ్య వెంటనే పెరుగుతుంది.

నాడి చూసుకోవడం ప్రతి ఒక్కరికీ నేర్పండి. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి, 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించాలి. బొటనవేలితో చూస్తే దాని సొంత నాడి తగిలి లెక్క తప్పుతుంది. ఆటకు ముందు, రెండు నిమిషాల పరుగు అయిన వెంటనే, తర్వాత నిమిషం ఆగి, మూడు అంకెలు రాసుకోవాలి. పోలిక తమ పాత అంకెలతోనే, పక్కవాళ్లతో కాదు. గడియారం లేకపోతే మాట పరీక్ష చాలు: మాట్లాడగలిగి పాడలేకపోతే మోస్తరు శ్రమ, రెండు మూడు మాటలకే ఆగాల్సి వస్తే తీవ్రం. అందరి ముందు బరువు తూచడం మాత్రం ఎప్పుడూ చేయకండి. ఆ ఒక్క రోజు అవమానంతో ఆటే మానేసే పిల్లలుంటారు.

సెషన్ మొత్తం గంట ఇలా సాగాలి: పది నిమిషాల వార్మప్, 25 నిమిషాలు ఆరోగ్య విషయమున్న ఆట, ఐదారు నిమిషాల మాట, మిగతాదంతా వాళ్లకిష్టమైన మామూలు ఆట. మాట మధ్యలో పెట్టడానికి కారణం ఉంది: తర్వాత ఆట ఉందని తెలిస్తే కూర్చుంటారు. ఒక సెషన్‌కు ఒకే విషయం. గుండ్రంగా నిలబెట్టి మూడు ప్రశ్నలు అడగండి: ఆటలో ఏం జరిగింది? బయట ఇలాంటిది ఎక్కడ జరుగుతుంది? ఈ వారం నువ్వేం చేస్తావు? అడిగాక పది సెకన్లు మౌనంగా ఆగండి. ఆ మౌనం భరించలేక జవాబు మీరే చెప్పేస్తే అది మళ్లీ ఉపన్యాసమే. తప్పు సమాచారం వస్తే మాత్రం అక్కడికక్కడే సరిదిద్దాలి. చెమట, కరచాలనం, ఒకే బంతి, ఒకే సీసా వల్ల హెచ్‌ఐవి రాదు. అయినా సీసాలు పంచుకోవద్దు, ఎందుకంటే ఫ్లూ లాంటివి ఉమ్మి ద్వారా సోకుతాయి. ఈ రెండూ కలిపి ఒకే ఊపిరిలో చెబితే పిల్లలు గందరగోళపడతారు, విడివిడిగా చెప్పండి.

మీరు పెట్టే మైదానం కట్టుబాట్లు కూడా పాఠాలే. రక్తం వస్తే ఆట ఆపి, చేతొడుగులు వేసుకుని, గాయం కప్పాకే లోపలికి పంపాలి. తలకు దెబ్బ తగిలి తికమకగా ఉన్నా, తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం ఉన్నా ఆ రోజు మళ్లీ ఆడనివ్వకూడదు, ఎంత బతిమాలినా సరే. వాంతులు విరేచనాలు ఉన్న పిల్లలు అవి తగ్గాక 48 గంటలు రాకూడదు. ఎండలో ఆడుతున్న పిల్లవాడు ఒళ్లు కాలిపోతూ అయోమయంగా మాట్లాడితే అది వడదెబ్బ: సహాయానికి ఫోన్ చేయిస్తూనే నీడకు చేర్చి చల్లటి నీళ్లతో ఒళ్లంతా తడపాలి. అంబులెన్సు వచ్చేదాకా చల్లబరచడం ఆపొద్దు. మైదానంలో పెద్దవాళ్లెవరూ పొగ తాగకూడదు. ఇది జరగనిదే పైన చెప్పిన చదరాల ఆట ఆడించకండి.

తెలిసినంత మాత్రాన పిల్లలు చేయరు, చేసే దారి కూడా చూపాలి. జింబాబ్వేలోని బులవాయోలో హెచ్‌ఐవి ముప్పు తగ్గించే సున్తీ గురించి గంటసేపు ఫుట్‌బాల్ సెషన్ పెట్టి, ఆ చికిత్స చేయించుకున్న కోచ్ చేతే చెప్పించారు. తర్వాత ఆసక్తి చూపినవాళ్లకు ఫోన్ చేసి క్లినిక్‌కు వెళ్లడంలో తోడ్పడ్డారు. సెషన్ అందని జట్లతో పోలిస్తే ఎక్కువమంది ముందుకొచ్చారు. మీరు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా గురించి సెషన్ పెడితే (9 నుంచి 14 ఏళ్ల అమ్మాయిలకు అది ముఖ్యంగా సిఫారసు చేసే టీకా), అంతకుముందే టీకా ఎక్కడ వేస్తారు, ఏ రోజు, తల్లిదండ్రుల సంతకం కావాలా అన్నది కనుక్కుని, చీటీ రాసి ఇంటికి పంపండి. నెలసరి గురించిన సెషన్‌ను మహిళా కోచ్ నడపాలి. ఆ రోజుల్లో ఆడటానికి ఆరోగ్యపరంగా అడ్డేమీ లేదనీ, నొప్పి ఎక్కువుంటే చెప్పి ఆగవచ్చనీ రెండూ తెలియాలి.

ఇలాంటి మాటలు మొదలయ్యాక ఏదో ఒక రోజు ఒక బిడ్డ వచ్చి, ఇంట్లో కొడుతున్నారనో, ఎవరో తాకుతున్నారనో చెబుతుంది. ‘ఎవరికీ చెప్పను’ అని మాటివ్వకండి. విని, నమ్మి, గుచ్చి గుచ్చి అడగకుండా, సహాయం చేయగలిగిన వాళ్లకు చెప్పాల్సి ఉంటుందని నెమ్మదిగా వివరించండి. ఆ చెప్పాల్సిన మనిషి ఎవరో, ఫోన్ నంబరేమిటో మొదటి సెషన్‌కు ముందే మీ దగ్గర రాసి ఉండాలి. అందరికీ కనిపించే చోట, కానీ వినపడనంత దూరంలో మాట్లాడండి.

ఫలితం కొలవడానికి ఆరు ప్రశ్నలు చాలు. అవే ప్రశ్నలు మొదట ఒకసారి, కార్యక్రమం అయ్యాక ఒకసారి, మూడు నెలలకు మరోసారి. పేర్లు వద్దు, గుర్తుగా ఒక బొమ్మ వేసుకోమనండి, మూడుసార్లూ అదే బొమ్మ. అన్నీ నిజమైన వాక్యాలే ఇస్తే అన్నిటికీ అవునని టిక్కు పెట్టేస్తారు, సగం తప్పు వాక్యాలు కలపండి. ప్రశ్నల కంటే నమ్మదగినది కంటితో చూసే లెక్క: ఎవరూ చెప్పకుండా సబ్బు ముట్టుకున్నది ఎంతమంది, సొంత సీసా తెచ్చుకున్నది ఎంతమంది, మైదానంలో నీళ్లు నిలిచిన చోట్లు ఎన్ని. హాజరు పట్టీలో అమ్మాయిలను విడిగా లెక్కపెట్టండి. వాళ్ల సంఖ్య మూడో వారానికే పడిపోతుంటే ఆటల్లో మార్పులకు ముందు వేళ, మరుగుదొడ్డి, ఇంటికి చేరే దారి, ఈ మూడూ చూడండి.